ఎడారి రిసార్టులో శ్రావణ శుక్రవారం

ఆ గదిలో స్నానాల తొట్టి మంచానికి ఎదురుగా ఉంది. అడ్డం గోడ లేదు, తెర లేదు. తొట్టిలో కూర్చుంటే కిటికీలోంచి ఎడారి కనిపిస్తుందట, అదీ దాని గొప్ప. గదిలో అడుగుపెట్టగానే నేను, "ఏవండీ, దీన్ని ఎక్కడికైనా జరపమని చెప్పండి" అన్నాను. మా ఆయన తొట్టి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చి, "ఇది జరిగేది కాదు. మనమే సర్దుకోవాలి" అన్నారు.

కెనడాలో ఎడారి ఏమిటని మొదట్లో నేనూ అడిగాను. మేముండే రెజైనాలో ఏడాదిలో సగం రోజులు ఇంటి చుట్టూ మంచు ఎడారే. దాన్ని చూడడానికి ఎవరూ ప్రత్యేకంగా రారు. ఇది వేరు. ఒకానగన్ లోయ దక్షిణపు కొసన, అమెరికా సరిహద్దుకు దగ్గరగా, ఇసుక నేల, బూడిద రంగు పొదలు, పాదాలకు గుచ్చుకునే చిన్న చిన్న బొమ్మజెముడు మొక్కలు. అంతలోనే కిందకి చూస్తే సరస్సు, సరస్సు చుట్టూ ద్రాక్షతోటలు. నడిచే దారి పొడుగునా "పాములున్నాయి, దారి దిగకండి" అని బోర్డులు. పాములు తిరిగే చోట ఇంత ఖరీదైన గదులు కట్టడమేమిటో, వాటిల్లో పడుకోవడానికి మనుషులు విమానాలెక్కి రావడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మా పెళ్ళిరోజు కానుకగా మా అమ్మాయి ఈ గది బుక్ చేసింది. అమ్మాయి, అల్లుడు వాంకూవర్‌లో ఉంటారు. "అమ్మా, త్రీ డేస్ నువ్వేమీ చేయకూడదు. నో కుకింగ్, నో క్లీనింగ్. జస్ట్ కూర్చో" అంది ఫోన్లో. కూర్చోవడం నాకు రాదని దానికి తెలుసు. అయినా అంది.

తేదీలు చూస్తే మధ్యలో వరలక్ష్మీ వ్రతం శుక్రవారం పడింది. ఆ మాట చెప్పి, వేరే వారం మార్చమన్నాను. అమ్మాయి, ఎప్పుడోగాని రాని తెలుగులో, "అక్కడే చెయ్యమ్మా. మేం కూడా శుక్రవారం వస్తాం. ఈసారి తోరం నువ్వే కట్టు. కొరియర్ వద్దు" అంది.

అది పెళ్ళై వెళ్ళిన దగ్గర్నుంచి ప్రతి శ్రావణంలోనూ నేను పసుపు దారానికి తొమ్మిది ముళ్ళు వేసి కవర్లో పెట్టి పంపుతున్నాను. అది ఎప్పుడో ఒకప్పుడు చేరేది. అల్లుడు వచ్చీరాని ముడి వేసేవాడు. పోయిన ఏడు ఆ కవరు చేరేసరికి అది ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి పడుకుని ఉంది. కడుపు నిలవలేదు. కవరు విప్పలేదని తర్వాతెప్పుడో చెప్పింది. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది, ఏడో నెల. కాబట్టి తొట్టి ఎక్కడున్నా, పాములు ఎన్నున్నా, ఆ శుక్రవారం నా చేత్తో దాని చేతికి తోరం కట్టి, ఒళ్ళో వాయనం పెట్టాలి. నేను ఆ ఎడారికి వెళ్ళింది దానికోసం. మిగతాదంతా ఓర్చుకోవడం.

ఓర్చుకోవలసింది తక్కువేమీ కాదు. లైటు ఆర్పాలంటే గోడకి స్విచ్చి లేదు, ఒక పలకమీద వేలు పెట్టి రాయాలి. నేను రాస్తే లైటు ఆరలేదు గానీ కిటికీ తెరలు లేచిపోయాయి. మంచంమీద ఎటు చూసినా దిండ్లే. పడుకోవాలంటే ముందు వాటిని ఎత్తి కుర్చీల్లో కూర్చోబెట్టాలి. భోజనానికి వెళ్తే మూకుడంత పళ్ళెంలో మూడు బీటుదుంప ముక్కలు, వాటి పక్కన పొడి చల్లి గీసిన ఒక గీత. తెచ్చిన అబ్బాయి ఆ గీత గురించి చాలాసేపు చెప్పాడు. మా ఆయన అంతా విని, "బావుంది నాయనా, భోజనం ఎప్పుడొస్తుంది?" అని తెలుగులో అడిగారు. నాకు నవ్వాగలేదు.

తిట్టుకుంటున్నానని కాదు. వంటింట్లో నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిన దాన్ని, ఒకరు వండి తెచ్చి ముందు పెడితే చేతులెత్తి దండం పెట్టాలి, పెట్టాను కూడా. పొద్దున లేవగానే భూమికి, నీళ్ళకి, ముందురోజు తిన్న మెతుక్కి మనసులో దండం పెట్టుకోవడం మా నాయనమ్మ నేర్పిన పాఠం. నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాను. తెలుగు అక్షరాలు, వ్రతకథలు నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఇంగ్లీషు చాలా ఏళ్ళ తర్వాత రెజైనాలో, వంటింటి బల్ల దగ్గర, మా అమ్మాయి హోంవర్కు పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అందుకే నా ఇంగ్లీషులో ప్లీజులు, థాంక్యూలు మాత్రం చాలా గట్టివి. ఆ థాంక్యూయే నా కొంప ముంచింది.

వ్రతానికి కావలసినవన్నీ రెజైనా నుంచే తెచ్చుకున్నాను. ఇత్తడి చెంబు, కొబ్బరికాయ, అమ్మవారి చిన్న వెండి ప్రతిమ, తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు, రాగి పళ్ళెం, దీపం కుంది, పసుపు, కుంకుమ, తోరాలు, పూలు, శనగలు, పెసరపప్పు, బియ్యప్పిండి, బెల్లం. పొయ్యి లేని చోట వంటేమిటి అంటారా? చలిమిడికి, వడపప్పుకి, పానకానికి పొయ్యి అక్కర్లేదు. గురువారం సాయంత్రం ఐసు ముక్కలు పెట్టుకునే వెండిరంగు గిన్నెలో శనగలు, కాఫీ కప్పులో పెసరపప్పు నానబోసి గదిలో ఉన్న చిన్న ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ ఫ్రిజ్‌లో అప్పటికే ఉన్న సీసాలు చూసి, "అమ్మా, వీటి పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోకు" అని అమ్మవారికి చెప్పుకున్నాను.

ఇక దీపం. కొండల అవతల అడవులు తగలబడుతున్నాయి. పొద్దున్నే సూర్యుడు పొగలోంచి కుంకుమబొట్టులా కనిపించాడు. ఆ లోయ మొత్తంమీద నిప్పు ముట్టించకూడదని ఆజ్ఞ. గదిలో చలికాచుకునే పొయ్యికి కూడా తాళం వేసి కాగితం అంటించారు. ఎందుకైనా మంచిదని కింద కౌంటరులో ఆవిడను అడిగాను. ఆవిడ ఎంతో ప్రేమగా, మెత్తటి సంచిలో పెట్టి, బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తులు ఇచ్చింది.

"ఇవి ఆరతికి పనికొస్తాయా?" అన్నారు మా ఆయన.

"మీరు కాసేపు ఊరుకోండి."

"ఛార్జింగ్ అయిపోతే అపశకునమా?"

"ఊరుకోమన్నానా!"

శుక్రవారం తెల్లవారగానే అసలు పని మొదలుపెట్టాను. వ్రతం చేసే గది శుభ్రంగా ఉండాలి. పడుకుని లేచిన పక్క మైల. స్నానం చేశాక దాన్ని ముట్టుకోకూడదు, ఆ గదిలో దాన్ని అలా వదిలేసి అమ్మవారిని పిలవకూడదు. అందుకని స్నానానికి ముందే దుప్పట్లు, దిండు గలీబులు అన్నీ తీసి, మడతపెట్టి, తలుపు దగ్గర దొంతర పెట్టాను. తువ్వాళ్ళు దాని మీద. చెత్తబుట్టల్లో సంచులు ముడివేసి పక్కన. బాత్రూము నేల కడిగాను. తొట్టి కూడా తోమాను, అది చేసిన పాపమేముంది. విమానాల్లో, ఎయిర్‌పోర్టుల్లో దొర్లి వచ్చిన సూట్‌కేసులు అమ్మవారి ముందు ఎందుకని వాటిని అద్దె కారు డిక్కీలో పెట్టించాను.

"ఇల్లు ఖాళీ చేస్తున్నట్టుంది" అన్నారు ఆయన సూట్‌కేసు ఈడుస్తూ.

"శుభ్రంగా ఉందా లేదా?"

"శుభ్రంగానే ఉంది. మనుషులున్నట్టు లేదు, అంతే."

ఆ మాట అప్పుడే పట్టించుకుంటే ఈ కథ ఉండేది కాదు.

గది ఊడ్చే అమ్మాయి రోజూ నన్ను చూసి నవ్వేది. పండగపూట ఆ పిల్లకి ఉత్తచేతులు చూపించడం ఇష్టంలేక, ఇంటి నుంచి తెచ్చిన సున్నుండలు ఒక డబ్బాలో పెట్టి బల్లమీద ఉంచాను. పక్కన ఒక కాగితం మీద నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను: మమ్మల్ని ఇంత బాగా చూసుకున్నందుకు ధన్యవాదాలు, దేవుడు మీ కుటుంబాన్ని చల్లగా చూడాలి. ఆ కాగితం ఎగిరిపోకుండా నా గది తాళం కార్డును దాని మీద బరువుగా పెట్టాను. ఆయన దగ్గర ఇంకో కార్డు ఉంది కదా అని.

మా అమ్మాయి వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది, పూజ సాయంత్రం. ఈలోగా అమ్మాయి మా ఇద్దరికీ ఒక క్లాసు బుక్ చేసింది. క్లాసు పేరు కృతజ్ఞత. ఇసుకలో చాపలు పరిచి మమ్మల్ని పడుకోబెట్టారు. ఒకావిడ గిన్నె మీద కర్రతో కొడుతూ, మీ కాలివేళ్ళకు థాంక్యూ చెప్పండి, మోకాళ్ళకు థాంక్యూ చెప్పండి అంటూ పైకి వస్తోంది. ఉపవాసం, కడుపులో పచ్చి మంచినీళ్ళు కూడా లేవు, నెత్తిమీద ఎండ, ముక్కులో పొగ వాసన. ఆవిడ ఇంకా నడుము దగ్గరికి కూడా రాలేదు. పక్క చాప మీద మా ఆయన గురక. నాకు కృతజ్ఞత చాలా ఉంది తల్లీ, నన్ను వదిలెయ్యి అని మనసులో అనుకున్నాను. నా జన్మలో కృతజ్ఞతమీద విసుగు పుట్టింది ఆ ఒక్క పూటే.

తిరిగొచ్చి ఆయన కార్డు పెడితే తలుపు తెరుచుకోలేదు. ఎర్రలైటు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఎర్రలైటు. లోపల్నుంచి ఎవరో వచ్చి తలుపు తీశారు. తెల్ల అంగీ తొడుక్కున్న ఒక పెద్దాయన. ఆయన వెనక, నేను తోమిన తొట్టిలో, మెడదాకా నురగతో ఒకావిడ. ఆవిడ మాకు చెయ్యి ఊపింది.

మా ఆయన ఎంతో మర్యాదగా, "సారీ, రాంగ్ రూమ్" అన్నారు.

"రాంగ్ రూమేమిటండీ, మన గదే ఇది!"

"అవును. కానీ ఇప్పుడు మనది కాదు" అని నా చెయ్యి పట్టుకుని కిందకి లాక్కెళ్ళారు.

కౌంటరులో ఆవిడ మమ్మల్ని చూసి బిత్తరపోయింది. మీరు వెళ్ళిపోయారు కదా అంది. సామాన్లు లేవు, పక్క తీసేసి ఉంది, తాళం కార్డు బల్లమీద ఉంది, వీడ్కోలు ఉత్తరం కూడా పెట్టారు. ఇంత బాగా సర్దిపెట్టి వెళ్ళిన అతిథుల్ని అక్కడివాళ్ళు ఎప్పుడూ చూడలేదట, అందరూ చెప్పుకున్నారట. తొందరగా వచ్చిన ఇంకో జంట ఎదురుచూస్తుంటే ఆ గది వాళ్ళకిచ్చేశారు.

"ఫ్రిజ్‌లో నా శనగలు?" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళి, మీరు మరిచిపోయారనుకున్నాం అంటూ ఒక అట్టపెట్టె తెచ్చింది. ఇత్తడి చెంబు, వెండి అమ్మవారు, రాగి పళ్ళెం, దీపం కుంది. అన్నిటికీ కాగితపు చీటీలు కట్టి ఉన్నాయి. తినే వస్తువులు, ఆకులు, పూలు అన్నీ రూలు ప్రకారం పారేశారు. నానిన శనగలు, పెసరపప్పు, బియ్యప్పిండి, బెల్లం, తమలపాకులు, కొబ్బరికాయ. ఆకుల మధ్య పెట్టిన తోరాలు, పసుపు పొట్లం కూడా వాటితోనే పోయాయి.

నాకు ఏడుపొచ్చేటంత కోపం వచ్చింది. ఎవరిమీద చూపించను? ఆవిడ సారీ మీద సారీ చెబుతూ మాకు ఇంకా పెద్ద గది ఇచ్చింది. గది ఊడ్చే పిల్ల పరిగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది, ఆ పిల్ల నోట్లో, తోటివాళ్ళ నోళ్ళలో అప్పటికే సున్నుండలు ఉన్నాయి. కోప్పడడానికి కూడా ఎదుట ఒక చెడ్డమనిషి ఉండాలి. అక్కడ ఒక్కరూ లేరు. అంత విసుగు నేనెప్పుడూ పడలేదు.

"మా అమ్మాయి వస్తోందండీ" అన్నాను ఆయనతో. ఆయన ఇంక వేళాకోళం చేయలేదు. "ఏమేం కావాలో చెప్పు" అన్నారు.

ఆ పూట కౌంటరు ఆవిడకు వరలక్ష్మీ వ్రతం ఏమిటో చెప్పవలసి వచ్చింది. నా ఇంగ్లీషులో ఎంత చెప్పగలనో అంత చెప్పాను. గర్భవతి, కూతురు, చేతికి దారం, ఒళ్ళో శనగలు. ఆవిడ గబగబా వంటవాళ్ళకు ఫోను చేసింది. వాళ్ళు రొట్టెల్లో నంజుకునే ఒక ముద్దపచ్చడి కోసం రోజూ శనగలు నానబెడతారట. ఒక గిన్నెడు పచ్చివి పంపించారు, మన చిన్న శనగలు కావు, గోలీకాయలంత తెల్లవి. గోధుమలు పడనివాళ్ళ కోసం దాచిన బియ్యప్పిండి ఉంది. బెల్లం లేదు. మేపుల్ చక్కెర ఉంది. మేపుల్ చక్కెరతో చలిమిడి మా వంశంలో ఎవరూ చేసి ఉండరు. కలిపాను. వాసన పాకుండల్లా వచ్చింది, అమ్మవారు ఏమీ అనుకోదనిపించింది. వడపప్పుకి ఆ ఏడు సెలవు.

పసుపు మాత్రం వంటింట్లో లేదు. మొహాలకు మర్దనా చేసే చోట దొరికింది, గాజు బుడ్డిలో, తూర్పు దేశాల బంగారమని పేరు రాసి. దానితో మొహాలు తోముతారట. చిటికెడు అడిగితే బుడ్డి మొత్తం ఇచ్చారు. దారం, గదిలో బొత్తాలు కుట్టుకోవడానికి పెట్టిన చిన్న డబ్బీలోది. కిటికీ దగ్గర కూర్చుని పేటలు పేని, పసుపు రాసి, ముళ్ళు వేశాను.

మా ఆయన కారేసుకుని ఆకులకు వెళ్ళారు. తమలపాకులు ఎక్కడ దొరుకుతాయి? ద్రాక్షతోటవాళ్ళను అడిగి లేత ద్రాక్షాకులు కోయించుకుని, దారి పక్కన పళ్ళు అమ్మే చోట నుంచి ఒక చిన్న కర్బూజా కూడా తెచ్చారు. "కొబ్బరికాయ లేదు. ఇది గుండ్రంగా ఉంది, పీచుగీతలు కూడా ఉన్నాయి చూడు" అన్నారు. చెంబు మీద పెడితే అది అటూ ఇటూ ఒరుగుతోంది. పడకుండా ఆయన ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

అమ్మాయి, అల్లుడు వచ్చేసరికి పొద్దు వాలింది. పొగ వల్ల దారిలో ఆలస్యమైంది. అమ్మాయి గుమ్మంలో నిలబడి, ద్రాక్షాకులు, మేపుల్ చలిమిడి, కర్బూజా, దాన్ని పట్టుకున్న నాన్నని చూసి, "వాట్ హ్యాపెండ్ హియర్?" అంది.

"మీ అమ్మ పక్క సర్దింది" అన్నారు ఆయన.

దీపం కుందిలో వంటవాళ్ళిచ్చిన నెయ్యి పోశాను, ఒత్తి వేశాను, వెలిగించలేదు. కొండ అవతల ఎవరెవరో ఇళ్ళు వదిలి పోతున్నారు. ఆ పూట నా వంతు అగ్గిపుల్ల గీయకపోవడమే పూజ అనుకున్నాను. ఆ బ్యాటరీ కొవ్వొత్తులు పక్కన మిణుకు మిణుకుమంటూ కూర్చున్నాయి. కథ నాకు నోటికి వచ్చు కాబట్టి పుస్తకం అక్కర్లేకపోయింది. అల్లుడు మధ్యలో వెళ్ళి మామగారి చెయ్యి నొప్పెడుతుందని కర్బూజా తను పట్టుకున్నాడు.

అమ్మాయి చేతికి తోరం కట్టాను. చెయ్యి వాచి ఉంది, దారం సరిగ్గా సరిపోయింది. వాయనం ఒళ్ళో పెట్టి, "ఇస్తినమ్మ వాయనం" అన్నాను.

చిన్నప్పుడు నా పక్కన నిలబడి విన్నదే గాని అది ఎప్పుడూ పలికి ఎరగదు. కొంగు లేదు, వదులు గౌను. గౌను అంచు పట్టుకుని, "పుచ్చుకుంటి... నమ్మ వాయనం" అంది.

"నా వాయనం అందుకున్నదెవరు?"

"నేనే" అంది. తర్వాత "వరలక్ష్మీదేవిని" అనాలని దానికి తెలియదు. "నేనే, అమ్మా" అంది మళ్ళీ. నాకూ ఇంకే మాటా అక్కర్లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే కాఫీ తీసుకుని వాళ్ళ గదికి వెళ్ళాను. అల్లుడు తలుపు తీసి, మాట్లాడకుండా బాత్రూము వైపు చూపించాడు. అమ్మాయి వాష్‌బేసిన్ ముందు, పొట్ట అడ్డం పడుతుంటే పక్కకు తిరిగి, తెల్ల దిండు గలీబుని సబ్బు పెట్టి రుద్దుతోంది. చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకోవడం దానికి చిన్నప్పటి అలవాటు. తోరం పసుపంతా గలీబుకి అంటింది. సబ్బు తగలగానే పసుపు కాస్తా ఎర్రబడింది.

"అమ్మా, ఇది ఇంకా వర్స్ అవుతోంది!"

"సబ్బెవరు పెట్టమన్నారే? జరుగు. నువ్వు వంగకు."

"నేను చేస్తా, లీవ్ ఇట్. వాళ్ళు ఏమనుకుంటారు?"

వెనక్కి చూద్దును గదా, మంచం మీద పక్క తీసేసి ఉంది. దుప్పట్లు మడతపెట్టి తలుపు దగ్గర దొంతరగా ఉన్నాయి. చెత్త సంచి ముడివేసి ఉంది. నా పిల్లే, అనుమానం లేదు. ఎంత విసుగొచ్చిందో చెప్పలేను. అది రుద్దుతోంది, నేను లాగుతున్నాను, ఇద్దరి చేతులకీ పసుపే.

అప్పుడు తలుపు మీద చప్పుడైంది. "హౌస్‌కీపింగ్!"

ఇద్దరం ఒక్కసారే అరిచాం. "ఉన్నాం! ఇంకా ఉన్నాం!"